మొదటి నెల ఉచితం, రెండో నెల?

నెలనెలా చందా కట్టి ఆటలాడుకునే గూగుల్ ప్లే పాస్ మన దేశానికి 2022 ఫిబ్రవరి ఆఖరున వచ్చింది. నెలకు 99 రూపాయలు, ఏడాదికి 889, మొదటి నెల ఉచితం. అంతకు రెండున్నరేళ్ల ముందు, 2019 సెప్టెంబరులో, ఆపిల్ ఆర్కేడ్ కూడా అదే 99 రూపాయలతో, అలాంటి ఉచిత నెలతోనే మొదలైంది. ఎంత ఆలోచించి పెట్టిన ధరో చూడండి. వెయ్యి రూపాయలు పోతే ఇంట్లో అందరినీ నిలదీస్తారు. తొంభై తొమ్మిది పోతే? తెనాలిలో ఇద్దరు టిఫిన్ తిని కాఫీ తాగితే అయ్యేంత. బ్యాంకు మెసేజీని చూసీ చూడనట్టు పక్కకు తోసేస్తారు. అలా ఆరు నెలలు తోసేస్తే దాదాపు ఆరువందలు పోయినట్టే.

ఫ్రీ ట్రయల్ జోలికే పోవద్దని ఇక్కడ ఎవరూ చెప్పబోవడం లేదు. ఆటలంటే ఇష్టమున్నవాళ్లు నిక్షేపంగా తీసుకోవచ్చు, నెలంతా ఆడుకోవచ్చు, పైసా కట్టకుండా బయటికి రావచ్చు. మొదలుపెట్టడం రెండు నిమిషాల పని, దానికి పాఠం అక్కర్లేదు. ఎప్పుడు, ఎలా ముగించాలో ముందే తేల్చుకుని మొదలుపెట్టారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

రేపల్లెలో ఓ ఇల్లు అనుకుందాం. స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అది తండ్రిది. సాయంత్రం ఆయన పనిలో ఉండగా తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఫోను చేతికిస్తాడు.

"నాన్నా, ఇక్కడ పిన్ కొట్టవా? ఒక్క రూపాయే. అది కూడా మళ్లీ వెనక్కొస్తుందంట."

ఆయన కొడతాడు. రూపాయి నిజంగానే వెనక్కొస్తుంది. వారం ఆడాక పిల్లాడికి మొహం మొత్తి ఆ ఆటలన్నీ ఫోనులోంచి తీసేస్తాడు. నెల తిరిగాక ఇంకో సంభాషణ.

"ఏందిరా, తొంభై తొమ్మిది పోయినట్టు మెసేజొచ్చింది?"

"ఏమో నాన్నా, ఆ గేమ్‌లు ఎప్పుడో తీసేశా!"

ఇద్దరూ అబద్ధమాడలేదు. తండ్రి కొట్టిన పిన్ ఒక రూపాయికి మాత్రమే కాదు, నెలనెలా తీసుకోవడానికి ఇచ్చిన అనుమతి కూడా. కొడుకు తీసేసింది ఆటలను, చందాను కాదు. ఎక్కువమంది పడే గుంటలు ఈ రెండే. మిగతావన్నీ వీటి తర్వాతే.

1. పిన్ కొట్టే ముందు తెరమీద ఏముందో చదవండి

యూపీఐలో ఆటోపే 2020 జూలైలో వచ్చింది. అప్పటిదాకా ఎక్కువగా కార్డులు వాడేవాళ్లకే పరిమితమైన నెలసరి చందాలు ఆ తర్వాత మామూలు బ్యాంకు ఖాతా ఉన్నవాళ్ల దాకా వచ్చేశాయి. ట్రయల్ మొదలయ్యేటప్పుడు ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో వచ్చే తెర మామూలుగా డబ్బు పంపేటప్పుడు కనిపించేది కాదు. అందులో మూడు సంగతులుంటాయి: ఎన్నాళ్లకోసారి తీసుకుంటారు, గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చు, ఎప్పటిదాకా. చాలామంది కళ్లు పైనున్న ఒకటో రెండో రూపాయల దగ్గరే ఆగిపోతాయి.

ఆ గరిష్ఠ మొత్తం చందా ధర కంటే ఎక్కువ ఉండొచ్చు. రేపు ధర పెంచినా మళ్లీ మిమ్మల్ని పిన్ అడగకుండా తీసుకునే వెసులుబాటు అది. ధరలు పెరగవని ఎవరూ హామీ ఇవ్వలేరు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరులో తన ఆటల చందా ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ అల్టిమేట్ ధరను అమెరికాలో నెలకు సుమారు 20 డాలర్ల నుంచి 30 డాలర్లకు ఒక్కసారే పెంచింది.

రిజర్వు బ్యాంకు నిబంధనలు ఇక్కడ కొంత అండగా ఉన్నాయి. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన పద్ధతి ప్రకారం, ఇలాంటి చందా డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మీకు కబురు రావాలి. వద్దనుకుంటే ఆపుకునే దారి కూడా అందులోనే ఉండాలి. ఇప్పుడైతే మొత్తం 15,000 రూపాయలు దాటితే మళ్లీ ఓటీపీయో పిన్నో తప్పనిసరి. 99 రూపాయలకు ఆ రక్షణ వర్తించదు కాబట్టి ముందురోజు వచ్చే మెసేజీ ఒక్కటే దిక్కు. అదేమో రీచార్జి ఆఫర్లు, లోన్ ప్రకటనల మధ్య ఇంగ్లీషులో వచ్చి పడుతుంది. దాని మీద ఆధారపడకండి.

2. మొదలుపెట్టిన రోజే బయటి దారి చూసిపెట్టుకోండి

ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోర్ తెరిచి, పై మూలనున్న మీ బొమ్మ నొక్కితే పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ అని ఉంటుంది. అందులో సబ్‌స్క్రిప్షన్స్. ఐఫోనులో సెట్టింగ్స్‌లో పైనున్న మీ పేరు నొక్కితే అక్కడే సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తుంది. ఎక్స్‌బాక్స్ చందా అయితే మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి రికరింగ్ బిల్లింగ్ ఆపాలి. ట్రయల్ తీసుకున్న పది నిమిషాల్లోనే ఒకసారి అక్కడిదాకా వెళ్లి క్యాన్సిల్ బటన్ ఎక్కడుందో చూసిరండి. నెలాఖరున హడావుడిలో వెతుక్కునే పని తప్పుతుంది.

మరి అప్పుడే నొక్కేస్తే పోలేదా? ఇక్కడే తేడా ఉంది. గూగుల్ ప్లేలో ట్రయల్ మధ్యలో క్యాన్సిల్ చేసినా గడువు ముగిసేదాకా ఆడుకోవచ్చు. కాబట్టి తీసుకున్న రోజే క్యాన్సిల్ చేసి నిశ్చింతగా ఉండొచ్చు. ఆపిల్ ఆర్కేడ్ అలా కాదు, ట్రయల్‌లో ఉండగా క్యాన్సిల్ చేస్తే ఆటలు అప్పుడే మూతపడతాయి. ఐఫోను వాళ్లు గడువుకు రెండు రోజుల ముందు అలారం పెట్టుకోవడం మేలు. గడువుకు కనీసం 24 గంటల ముందే ఆపాలని ఆపిల్ చెబుతుంది కాబట్టి చివరి రోజు రాత్రి దాకా ఆగడం పనికిరాదు.

ఇంకో పొరపాటు. కొందరు యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆటోపే మాత్రం రద్దు చేస్తారు, చందాను అలాగే వదిలేస్తారు. అప్పుడు డబ్బు పోదుగానీ చందా బతికే ఉంటుంది. కంపెనీ నుంచి పేమెంట్ సరిచేయమని మెయిళ్లు మొదలవుతాయి. ముందు చందా ఆపండి, తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి అది నిజంగా పోయిందో లేదో చూడండి. ఆ జాబితా తెరిచినవాళ్లకు ఎప్పుడో మరిచిపోయిన సినిమా యాప్ చందా ఒకటి కనిపించినా ఆశ్చర్యం లేదు.

3. నెలను ఎంచుకోండి

ట్రయల్ ఒక్కసారే దొరుకుతుంది. దాన్ని ఎప్పుడు తెరవాలన్నది మాత్రం మీ చేతిలో ఉంది. అయినా ప్రకటన కనిపించిన పూటే నొక్కేసేవాళ్లే ఎక్కువ.

బాపట్లలో ఇంజినీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉండే విద్యార్థిని తీసుకోండి. సెమిస్టర్ పరీక్షలకు మూడు వారాల ముందు ల్యాప్‌టాప్‌లో గేమ్ పాస్ మొదలుపెట్టాడు. చూస్తే మనసు పడిన ఆట సైజు 100 జీబీ. ఇంటి దగ్గర 40 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే అది దిగడానికి ఐదున్నర గంటలు చాలు. హాస్టల్లో ఉన్నది రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ రీచార్జి. దాంతో లెక్కేస్తే 50 రోజులు. ఆట దిగేలోపు ట్రయల్ ముగుస్తుంది, పరీక్షలూ ముగుస్తాయి. అదే కుర్రాడు సంక్రాంతి సెలవులకో వేసవికో తెనాలిలో ఇంటికెళ్లాక మొదలుపెడితే? ఇంటి ఫైబర్ మీద రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లారేసరికి ఆట సిద్ధం. అయితే ఆ ఫైబర్ ప్లాన్‌లో నెలకింత అని పరిమితి ఉందేమో, అది దాటాక వేగం పడిపోతుందేమో ముందు చూసుకోవాలి. లేకపోతే అక్క ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ఆగిపోయి ఇంట్లో వేరే గొడవ మొదలవుతుంది.

ఫోను మీద ఆడేవాళ్లకు ఈ బాధ తక్కువ. ప్లే పాస్‌లో చాలా ఆటలు చిన్నవి, ప్రకటనలు ఉండవు, లోపల మళ్లీ డబ్బు అడగవు. మన దేశంలో మొదలుపెట్టినప్పుడు 59 దేశాలవాళ్లు తయారుచేసిన వెయ్యికి పైగా యాప్‌లు, ఆటలు అందులో ఉన్నాయని గూగుల్ ప్రకటించింది. మాన్యుమెంట్ వ్యాలీ లాంటి పేరున్న ఆటతో పాటు వరల్డ్ క్రికెట్ బ్యాటిల్ 2 కూడా అప్పటి జాబితాలో ఉంది. ట్రయల్ నెలలో ఒక పరీక్ష పెట్టి చూడండి. రెండు మూడు ఆటలు దింపుకుని, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రేపల్లె నుంచి తెనాలి వెళ్లే రైల్లో ఆడండి. నెట్ లేకుండా నడిచే ఆటలు మీకు పనికొచ్చేవి. నెట్ లేనిదే తెరుచుకోని వాటి కోసం నెలనెలా కట్టాలా అన్నది అప్పుడు ఆలోచించవచ్చు.

4. ట్రయల్ అన్న ప్రతిదీ ఉచితం కాదు

ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్‌కు ఒకప్పుడు మొదటి నెల ఒక్క డాలర్‌కు ఇచ్చేవారు. మన దగ్గర కంప్యూటర్ గేమ్ పాస్‌కు అది 50 రూపాయలుగా ఉండేది. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఆ డాలర్ ఆఫర్‌ను ఎత్తేసింది, తర్వాత అప్పుడప్పుడు 14 రోజులకు కుదించి తెచ్చింది. కాబట్టి పాత యూట్యూబ్ వీడియోలో చూసిన ధర ఇప్పుడూ ఉంటుందనుకోకండి. ఆ రోజు ఆ పేజీలో ఏముందో అదే లెక్క.

ప్లేస్టేషన్ కథ ఇంకో రకం. మన దేశంలో ప్లేస్టేషన్ ప్లస్ 2022 జూన్ నుంచి ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్ అనే మూడు అంతస్తుల్లో దొరుకుతోంది. కొత్త పెద్ద ఆటలను కొద్ది గంటలు ఆడి చూసే గేమ్ ట్రయల్స్ అన్నిటికన్నా ఖరీదైన డీలక్స్‌లో ఉన్నాయి. ఈఏ ప్లే చందా కట్టినవాళ్లకు ఈఏ కంపెనీ కొత్త ఆటలు పది గంటల వరకు ఆడే వీలుంది. అంటే ట్రయల్ చూడాలంటే ముందు చందా కట్టాలన్నమాట! అలాంటివి ఇప్పటికే చందా ఉన్నవాళ్లకు అదనపు లాభం, అంతే. వాటికోసమని కొత్తగా చేరడం దండగ.

ఉచితమంటూనే కార్డో యూపీఐయో ఎందుకు అడుగుతారు? ఈ ప్రశ్న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కూడా వేసింది. 2023 నవంబరు 30న అది ఇచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాల్లో 13 రకాల మాయలున్నాయి. వాటిలో చందా ఉచ్చు ఒకటి. క్యాన్సిల్ బటన్‌ను దాచిపెట్టడమే కాదు, ఉచిత చందా కోసం పేమెంట్ వివరాలో ఆటో డెబిట్ అనుమతో బలవంతంగా అడగడం కూడా అందులో పేర్కొన్నారు. ఆచరణలో మాత్రం అడగని కంపెనీని వెతుక్కోవాలి. అమెరికాలో ఇలాంటి ఆరోపణల మీదే అమెజాన్ సంస్థ ప్రైమ్ చందా విషయంలో 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. అందులో 150 కోట్లు వినియోగదారులకు వెనక్కివ్వాల్సినవే.

5. ఆటోపే ఇవ్వకుండానే చూసే దారులు

ప్లే పాస్ మన దగ్గర మొదలైనప్పుడు నెలకు 109 రూపాయల ప్రీపెయిడ్ పద్ధతి కూడా పెట్టారు. పది రూపాయలు ఎక్కువ, కానీ నెలతో సరి, దానంతటదే కొనసాగదు. మతిమరుపు ఉన్నవాళ్లకు ఆ పది రూపాయలు చవకే. ఆపిల్ వాడేవాళ్లు ఖాతాలో కొద్ది మొత్తం మాత్రం వేసుకుని, యూపీఐ జతచేయకుండా ఉంటే ఆ మొత్తం దాటి పోయేదేమీ ఉండదు.

కంప్యూటర్ ఉన్నవాళ్లకు అసలు ట్రయల్ ఎందుకనిపించే వనరులు రెండున్నాయి. ఎపిక్ గేమ్స్ స్టోర్ 2018 డిసెంబరు నుంచి కొన్ని ఆటలను ఉచితంగా ఇస్తోంది. ఇప్పుడు ప్రతి గురువారం జాబితా మారుతుంది. ఆ వారంలో తీసుకుంటే ఆట ఎప్పటికీ మీ ఖాతాలోనే, కార్డు అడగరు. 2020 మేలో జీటీఏ 5ను అలా ఉచితంగా పెడితే జనం ఎగబడి స్టోరే కొన్ని గంటలు కుప్పకూలింది. రెండోది స్టీమ్. అక్కడ చాలా ఆటలకు డెమోలుంటాయి. కొన్న ఆట నచ్చకపోతే 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వెనక్కిస్తారు. ఆట తెరిచిపెట్టి భోజనానికి వెళ్లినా ఆ సమయం లెక్కలోకి వస్తుంది, జాగ్రత్త.

బీజీఎంఐ ఆడడానికి చందా తీసుకోవాలా అని అడిగే పిల్లలుంటారు. అక్కర్లేదు. అది అసలే ఉచిత ఆట. అందులో కొనే దుస్తులు, తుపాకీ రంగులు వేరే లెక్క.

6. పిల్లల ఫోనుకు తాళం

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. 13 ఏళ్లలోపు పిల్లలకు ఫ్యామిలీ లింక్ ద్వారా ఖాతా తెరిస్తే, కొనబోయేదానికి అనుమతి కోరే కబురు మీ ఫోనుకే వస్తుంది. ప్లే పాస్‌నూ ఆర్కేడ్‌నూ కుటుంబ సభ్యులతో పంచుకునే వీలుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే మూడు చందాలక్కర్లేదు.

యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకపోవడం గురించి రాయాల్సిన పనే లేదనుకుంటాం. ఎన్ని ఇళ్లలో పెద్దవాళ్ల పిన్ పిల్లలకే బాగా గుర్తుంటుందో మీకే తెలుసు.

7. రెండో ట్రయల్ ఆశ, ఉచిత కోడ్ల వల

కొత్త జీమెయిల్ తెరిచి మళ్లీ ట్రయల్ తీసుకుంటే పోలేదా? కొందరు చేస్తారు. అదే పేమెంట్ పద్ధతి కనిపించగానే ఆఫర్ రాకుండా పోయే అవకాశం ఎక్కువ. ఒకవేళ వచ్చినా మొదటి ఖాతాలో నెలరోజులు కష్టపడి దాటిన లెవెళ్లన్నీ అక్కడే ఉండిపోతాయి. 99 రూపాయల కోసం ఆట మొదటినుంచి ఆడాలి. లెక్క వేసుకోండి.

అంతకన్నా ప్రమాదం ఉచిత కోడ్లు. టెలిగ్రామ్ గ్రూపుల్లో, వీడియోల కింద, "ఆరు నెలల గేమ్ పాస్ ఉచితం", "యూసీ ఉచితం" (యూసీ అంటే బీజీఎంఐలో వాడే డబ్బు) అంటూ లింకులు వస్తాయి. నొక్కితే మీరు మనిషో కాదో నిరూపించుకోమంటారు, అంటే ఇంకో రెండు యాప్‌లు దింపుకోమంటారు, ఆఖరికి ఓటీపీ అడుగుతారు. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లూ ఇదే కోవ. అసలు ట్రయల్ ప్లే స్టోర్‌లో, ఆప్ స్టోర్‌లో, కంపెనీ సొంత పేజీలో ఉంటుంది.

రమ్మీ యాప్ "చేరగానే బోనస్" అంటే అది ట్రయల్ కిందికి రాదు. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని 2020లోనే సవరించి పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం దేశమంతా డబ్బు పందెం ఆటలు నడపడాన్నీ వాటి ప్రకటనలనూ నిషేధించింది. ఆడడానికి చందా కట్టే ఆటలను ఆ చట్టం పందెంగా చూడదు. కట్టిన డబ్బుకు బదులుగా గెలుపు డబ్బు ఆశ చూపిస్తున్నారా? ఆ ఒక్క ప్రశ్నతో రెండిటికీ తేడా తెలిసిపోతుంది.

8. డబ్బు పోయాక

కంగారు పడకండి, ఆలస్యమూ చేయకండి. ముందు చందా ఆపి, డబ్బు తీసుకున్న మెసేజీ, క్యాన్సిల్ చేసిన తెర రెండిటికీ స్క్రీన్‌షాట్ తీయండి. గూగుల్ ప్లే అయితే 48 గంటల్లోపు రీఫండ్ అడిగితే అవకాశం మెరుగు. ఆపిల్‌కు రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్ అనే పేజీ ఉంది. పిల్లలు తెలియక తీసుకున్నారనో, వాడనే లేదనో కారణం ఉన్నదున్నట్టు రాయండి. బ్యాంకుకు వెళితే మాత్రం, పిన్ కొట్టి అనుమతిచ్చింది మీరే కదా అంటారు. అది వాళ్ల పరిధిలో ఉండే పని కాదు.

కంపెనీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 17 భాషల్లో మాట్లాడొచ్చు, తెలుగు వాటిలో ఒకటి. చందా ఆపినా డబ్బు తీసుకుంటున్నారనో, ఆపే దారే కనిపించడం లేదనో అయితే చందా ఉచ్చు అనే మాట వాడి ఫిర్యాదు చేయండి. మరిచిపోయిన ట్రయల్‌కు 1930కి ఫోన్ చేయకండి, అది సైబర్ మోసాలకు. ఉచిత కోడ్ లింకు నొక్కి ఖాతా ఖాళీ అయితే మాత్రం ముందు చేయాల్సింది ఆ 1930కే. డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపు, వీలైతే మొదటి గంటలోనే.